దూరదేశాన విన్న వార్త

(ధ్యానమునకు: లూకా 13:1-9, నెహెమ్యా 1:1-11)



మీలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు దూరదేశంలో ఉండే ఉంటారు. కువైటులో అల్లుడు, డల్లాసులో కూతురు, ఇటలీ మఠంలో చెల్లెలు. మన ఊళ్ళో ఏదైనా ఘోరం జరిగితే మనకంటె ఎక్కువగా వాళ్ళ గుండె ఝల్లుమంటుంది. ఇక్కడున్న మనకు కనీసం మనం బ్రతికే ఉన్నామని తెలుసు. అక్కడున్న వాళ్ళకు ఆ సంగతి కూడా తెలియదు. ఫోను మ్రోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. అటువంటి కొన్ని గంటలు నేనూ అనుభవించాను. ఆ గంటల్లో నేను చేయించిన ఒక ప్రార్థన గురించి ఈ వారం మీతో చెప్పుకోవాలి. అది మంచి ప్రార్థన కాదు. మంచిదనుకొనే చేయించాను.

2007 ఆగస్టు నెల. అప్పుడు నేను హైదరాబాదు నగరంలో ఒక విచారణ గురువును. మా విచారణ నుండి, చుట్టుపక్కల రెండు మూడు విచారణల నుండి కలిపి ముప్పై నాలుగు మందిమి తీర్థయాత్రకు బయలుదేరాము. ముందు రోము, ఆ తరువాత ఫ్రాన్సు దేశంలో లూర్దు. ఎన్నో ఏళ్ళుగా చీటీలు కట్టి డబ్బు కూడబెట్టుకున్న వాళ్ళున్నారు మాలో. గుణదల కొండ మీద మరియమాత గుహ దగ్గర మోకరిల్లిన ప్రతి తెలుగు కథోలికుడికీ ఆ అసలు గుహను ఒక్కసారి చూడాలని ఉంటుంది కదా. మస్సాబియేలు కొండ, దాని ప్రక్కనే గావ్ నది, 1858లో పునీత బెర్నదెత్తమ్మకు మాత 18 సార్లు దర్శనమిచ్చిన చోటు. ఆ రాతిని తాకి తాకి జనం నున్నగా చేశారు. మా వాళ్ళు కూడా తాకి, ఆ చేతిని ముఖానికి అద్దుకుని ఏడ్చారు.

25వ తేదీ శనివారం. సాయంత్రం అయిదు గంటలకు దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ. లూర్దులో ఆ ప్రదక్షిణలో ముందు వరుస రోగులదే. నీలిరంగు గుడ్డ కప్పు ఉన్న చిన్న చక్రాల బండ్లలో వాళ్ళను కూర్చోబెట్టి స్వచ్ఛంద సేవకులు లాక్కొస్తారు. ఆరోగ్యవంతులు వెనుక నడవాలి. గురువు దివ్యసత్ప్రసాదాన్ని ఎత్తి ఆ బండ్ల వరుసల మధ్య నుండి ఆశీర్వదిస్తూ వెళ్తుంటే మేమంతా మోకాళ్ళ మీద ఉన్నాము. ఫ్రాన్సుకూ మనకూ వేసవిలో మూడున్నర గంటల తేడా. మేము మోకాళ్ళ మీద ఉన్న ఆ వేళకు మన ఊళ్ళో రెండు బాంబులు అప్పటికే పేలిపోయి ముప్పావు గంట దాటింది. మాకు తెలియదు.

బసకు తిరిగివచ్చేసరికి ఆరున్నర అయింది. ముందు గదిలో టీవీ నడుస్తోంది. మాట అర్థం కాదు గాని, బొమ్మ అర్థమైంది. విరిగిన కుర్చీలు, నేల మీద చెప్పులు, పరుగెత్తే జనం. క్రింద మన ఊరి పేరు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మమ్మల్ని చూసి, మీది ఈ హైదరాబాదా, పాకిస్తాను హైదరాబాదా అని అడిగింది. ఆమె తప్పు కాదు. రెండు హైదరాబాదులున్నాయని ఆమెకు తెలియడమే గొప్ప. మాలో ఒకాయన, "అది మా కోఠీ అమ్మా!" అని తెలుగులోనే అరిచారు.

ఆనాటి విషయం మీకు తెలిసినదే, అయినా పిల్లల కోసం చెప్తాను. రాత్రి 7.45 ప్రాంతంలో హుస్సేనుసాగరు ఒడ్డున లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూస్తున్న జనం మధ్య ఒక బాంబు పేలింది. నిమిషాల తేడాలో కోఠీలో గోకుల్ చాట్ దగ్గర రెండవది. దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన క్రింద పెట్టిన మూడవది పేలక ముందే దొరికింది. కనీసం 42 మంది చనిపోయారు, ఎక్కువమంది కోఠీలోనే. శనివారం సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని బయటకు వచ్చినవాళ్ళు, కాలేజీ పిల్లలు, పని ముగించుకుని ఒక ప్లేటు చాట్ తిని బస్సెక్కుదామనుకున్న వాళ్ళు.

మా ముప్పై నాలుగు మందికీ విదేశంలో పనిచేసే సెల్‌ఫోను ఒక్కటే ఉంది, అది యాత్ర నడిపించే అబ్బాయిది. మిగిలినవాళ్ళు ఫోను కార్డులు కొనుక్కుని వీధి చివర డబ్బా దగ్గర బారులు తీరారు. లైన్లు దొరకడం లేదు. దొరికినవాళ్ళు ఇటు తిరిగి బొటనవ్రేలు ఎత్తి చూపిస్తుంటే, దొరకనివాళ్ళు వాళ్ళ వంక చూసే చూపు ఉంది చూశారూ, అది ఈనాటికీ నాకు మరపురాదు. ఎనిమిది గంటలకల్లా దాదాపు అందరికీ తమవాళ్ళ క్షేమం తెలిసింది. ఒక్కావిడకు తప్ప.

ఆమె వితంతువు. పాఠశాలలో ఆయాగా పనిచేసి ఇద్దరు బిడ్డలను పెంచుకున్న తల్లి. చిన్నవాడు కోఠీలోనే ఒక మందుల దుకాణంలో పని. శనివారం జీతం చేతికిచ్చే రోజు, తోటి కుర్రాళ్ళతో కలిసి గోకుల్ చాట్‌కు వెళ్ళడం అలవాటు. ఈ సంగతి మాకు చెప్పింది ఆమే. చెప్పి, తన ఫోను కార్డును జపమాలతో కలిపి గుప్పిట పట్టుకుని గోడకానుకుని కూర్చుంది.

అప్పుడే మాలో ఒక పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరైన భక్తిపరుడు, నా దగ్గరకు వచ్చి, "ఫాదర్ గారూ, చూశారా మాత మహిమ! మనం ఊళ్ళో ఉండుంటే ఏమయ్యేదో! ఏరి కోరి ఈ రోజుకే మనల్ని తన దగ్గరకు పిలిపించుకుంది. కృతజ్ఞతగా ఒక జపమాల చెప్పుకుందామండీ" అన్నారు. అందరూ అవునన్నారు. నేనూ అవునన్నాను. ఆ ముందు గదిలోనే నిలబడి మొదలుపెట్టాను. జపమాలకు ముందు నా సొంత మాటల్లో, "తల్లీ, ముందే ఎరిగి నీ బిడ్డలను ఆ మరణపు చోటు నుండి తప్పించి నీ కొంగు క్రింద దాచుకున్నావు" అని ప్రార్థించాను. ఆ మాటలు నావే. ఎవరూ నా నోట పెట్టలేదు.

మొదటి పదియవ ముగియకముందే గోడ దగ్గర నుండి ఆమె గొంతు వినిపించింది. గట్టిగా కూడా అనలేదు. "ఫాదర్ గారూ, మరి అక్కడున్నవాళ్ళకి మాత లేదాండీ?"

ఎవరూ మాట్లాడలేదు. నేను జపమాల కొనసాగించాను. కొనసాగించడం తప్ప మరేమి చేయాలో తోచలేదు. సహోదరులారా, గురుపట్టం పొంది అప్పటికి పద్ధెనిమిది సంవత్సరాలు. చావు ఇళ్ళలో ఎన్ని మాటలు చెప్పి ఉంటాను! ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర మాట లేదు.

రాత్రి తొమ్మిది గంటలకు లూర్దులో కొవ్వొత్తుల ప్రదక్షిణ. గాలికి ఆరిపోకుండా ప్రతి కొవ్వొత్తి చుట్టూ కాగితపు గూడు. వేలమంది, ఎన్నో భాషలు, ఒకే జపమాల. ఆమె కూడా వచ్చింది. నా ప్రక్కనే నడిచింది. నేను అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను, నోరు రాలేదు. మంగళవార్త జపంలో మరణ ఘడియను గురించి మాతను వేడుకునే మాటలు మనం రోజుకు యాభైసార్లు అంటాము. ఆ రాత్రి ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఆమె పెదవులు ఆగిపోవడం చూశాను. మళ్ళీ తరువాతి జపానికి అందుకునేది.

పదకొండు దాటాక యాత్ర అబ్బాయి ఫోను మ్రోగింది. చిన్నవాడే. అప్పుడు ఇక్కడ తెల్లవారుఝాము రెండున్నర. ఆ సాయంత్రం దుకాణంలో సరకు దిగితే యజమాని ఇతడిని ఆపేశాడట. తోటి కుర్రాడు ఒక్కడే వెళ్ళాడు. వాడి కాలు నుజ్జయింది. ఇతడు ఆసుపత్రిలో వాడి ప్రక్కన ఉన్నాడు, సెల్‌ఫోను దుకాణంలోనే ఉండిపోయింది. ఆమె ఫోను పట్టుకుని కొడుకు పేరు రెండుసార్లు పిలిచింది. తరువాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్ళమ్మ వచ్చిందా నాయనా?" రాలేదన్నాడు. వాళ్ళమ్మ నల్గొండ జిల్లాలో పల్లెలో ఉంటుంది, ఇంకా కబురే అందలేదు. "అయితే వాళ్ళమ్మ వచ్చేదాకా నువ్వు కదలకు" అని ఫోను అబ్బాయి చేతికిచ్చేసింది.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాడు ఆదివారం, సామాన్య కాలం 21వ ఆదివారం. ఒక చిన్న ప్రక్క గుడిలో మాకు తెలుగులో పూజకు వేళ ఇచ్చారు. ఆ నాటి సువిశేష పఠనం లూకా 13వ అధ్యాయం మధ్యలోనిది. రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని ఒకడు ప్రభువును అడుగుతాడు. ప్రభువు లెక్క చెప్పడు, ఇరుకు ద్వారాన ప్రవేశించడానికి మీరు పాటుపడండి అంటాడు. ప్రసంగానికని ఆ అధ్యాయం తెరిస్తే కన్ను పైకి వెళ్ళింది, అధ్యాయం మొదటికి. ఎన్నోసార్లు చదివిన భాగమే. గలిలీయ నుండి వచ్చి బలులు అర్పిస్తున్నవారిని పిలాతు చంపించాడని, వాళ్ళ నెత్తురు బలిపశువుల నెత్తురుతో కలిసిపోయిందని కొందరు వచ్చి యేసుకు చెప్తారు.

ఇంతకాలం నాకు తట్టనిది ఆ తెల్లవారుఝామున తట్టింది. లూకా ఈ సంగతి ఎక్కడ పెట్టాడో చూడండి. 9వ అధ్యాయం చివరలో ప్రభువు యెరూషలేముకు ప్రయాణం కట్టాడు. 13వ అధ్యాయంలో ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు, సొంత ప్రాంతాన్ని విడిచి వచ్చి. చనిపోయినవాళ్ళు ఎవరు? గలిలీయులు. యేసు ఎవరు? గలిలీయుడు. అంటే ఏమిటి? తన ఊరివాళ్ళను, తన యాసలో మాట్లాడేవాళ్ళను, గుడిలో చంపేశారన్న వార్త ప్రభువు ప్రయాణంలో ఉండి విన్నాడు. నేను లూర్దులో విన్నట్లే, మీ అల్లుడు కువైటులో విన్నట్లే.

వార్త తెచ్చినవాళ్ళు ఏమి ఆశించారో లూకా వ్రాయలేదు. ప్రభువు సమాధానాన్ని బట్టి మనం ఊహించుకోవచ్చు. చచ్చినవాళ్ళు ఏదో పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వదిలేశాడు అనే మాట వాళ్ళ నాలుక చివరన ఉంది. ప్రభువు దానిని నాలుక మీదనే ఆపేశాడు. చనిపోయిన గలిలీయులు మిగిలిన గలిలీయులందరికంటె పాపులని మీ తలంపా, కానే కాదు అన్నాడు. అక్కడితో ఆగక, ఎవరూ అడగకుండానే మరొక సంగతి ఎత్తాడు. సిలోయము దగ్గర గోపురం కూలి 18 మంది చనిపోయారు, వాళ్ళు యెరూషలేములోని వారందరికంటె దోషులా అని అడిగాడు. ఒకటి మనిషి చేసిన హత్య, మరొకటి ప్రమాదం. రెండింటికీ ఒకటే జవాబు, కాదు. మీరూ హృదయపరివర్తనం చెందకపోతే నశిస్తారు అని విన్నవాళ్ళ వైపే వేలు తిప్పాడు.

చచ్చినవాడు పాపి అన్న మాట మనం ఈ రోజుల్లో ఎవరి ఎదుటా అనము. మనకు అంత మర్యాద వచ్చింది. కాని దాని రెండవ సగం మన నోట వస్తూనే ఉంటుంది. "నన్ను దేవుడు తప్పించాడు" అంటాము. రైలు తప్పిపోయి ప్రమాదం నుండి బయటపడినవాడు సాక్ష్యం చెప్తాడు, మనం స్తోత్రం అంటాము. నన్ను తప్పించాడంటే ఎక్కినవాళ్ళను తప్పించలేదనే కదా? నేను ఆ ముందు గదిలో చేసిన ప్రార్థన అదే. మాటలు తీయగా ఉన్నాయి గనుక దాని లోపలి చేదు నాకు తెలియలేదు. కొడుకు ఏమయ్యాడో తెలియని తల్లి చెవికి తెలిసింది.

నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. బ్రతికి బయటపడ్డందుకు దేవునికి వందనాలు చెప్పుకోవద్దని నేను అనడం లేదు. కీర్తనల గ్రంథం నిండా ఆ వందనాలే. బ్రతుకు దేవుని వరం, చెప్పుకోవాలి. కాని మన యాత్రే మన రక్షణ అని లెక్క కట్టకూడదు. ఎందుకో చెప్తాను. లుంబినీ పార్కులో చనిపోయినవాళ్ళలో మహారాష్ట్ర నుండి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులున్నారు. కాలేజీ తరఫున బృందంగా ప్రయాణమై మన ఊరు చూడడానికి వచ్చిన పిల్లలు. మేము ప్రయాణమై వెళ్ళి బ్రతికాము. వాళ్ళు ప్రయాణమై వచ్చి చనిపోయారు. వాళ్ళ తల్లులు కూడా బయలుదేరేటప్పుడు దేవుని పేరు చెప్పి, బొట్టు పెట్టి పంపించి ఉంటారు. వాళ్ళూ దూరాన కూర్చుని టీవీలో మన ఊరి పేరు చూశారు, ఫోను డయలు చేశారు. మా యాత్రను మాత ఏర్పాటు చేసిందని నేనంటే, ఆ పిల్లల ప్రయాణాన్ని ఎవరు ఏర్పాటు చేసినట్లు? ఆ ప్రశ్న ఎదుట నా జపమాల ముందటి ప్రార్థన నిలబడదు.

ఇంకా చెప్పాలంటే లూర్దే ఈ సంగతి నేర్పుతుంది. నూట అరవై ఏళ్ళకు పైగా లెక్కలేనంతమంది రోగులు అక్కడికి వచ్చారు. శ్రీసభ పరీక్షించి అద్భుతమని ప్రకటించిన స్వస్థతలు డెబ్బైకి కాస్త పైన, అంతే. మిగిలినవాళ్ళు విశ్వాసం చాలక స్వస్థత పొందలేదని శ్రీసభ ఏనాడూ చెప్పలేదు. బెర్నదెత్తమ్మే చిన్ననాటి నుండి ఉబ్బసంతో బాధపడి 1879లో, 35వ ఏట, నెవేర్ మఠంలో కన్నుమూసింది. తన చేతులతో తవ్విన ఊట ఆమెను బ్రతికించలేదు. మాత ఆమెను ప్రేమించలేదని ఎవరు అనగలరు?

ఆ ఉదయం పూజలో నేను ఇవన్నీ చెప్పలేదు. ప్రసంగం మొదలుపెట్టి, ముందు రాత్రి నేను చేయించిన ప్రార్థన తప్పని ఒప్పుకున్నాను. రైల్వే పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. ఆయన భక్తిని నేను చిన్నబుచ్చానేమోనని నాకు బాధ వేసింది. కాని విశ్వాసుల ప్రార్థనలో మొదట లేచింది ఆయనే. కాలు పోయిన కుర్రాడి కోసం, వాడి తల్లికి కబురు అందాలని ప్రార్థించారు.

దూరదేశంలో ఉండి తన నగరం గురించి విన్నవాడు పాత నిబంధనలోనూ ఒకడున్నాడు, నెహెమ్యా. పర్షియా రాజుగారి కోటలో, సూసా నగరంలో, రాజుకు ద్రాక్షారసపు గిన్నె అందించే కొలువు. సుఖంగా ఉన్నాడు. యూదా నుండి హనానీ మరికొందరు వచ్చారు. నెహెమ్యాయే ముందుగా అడిగాడు, అక్కడ మిగిలినవాళ్ళు ఎలా ఉన్నారు, యెరూషలేము ఎలా ఉంది అని. ప్రాకారం కూలిపోయింది, తలుపులు కాలిపోయాయి అన్నారు. కూర్చుని ఏడ్చాడు, దినాలు ఉపవాసమున్నాడు. ఆ తరువాత చేసిన ప్రార్థన చదవండి. నన్ను ఇక్కడ క్షేమంగా ఉంచావు గనుక వందనాలు అన్న మాట దానిలో లేదు. నేనూ నా తండ్రి ఇంటివారమూ పాపం చేశాము అంటాడు. ఎంతో దూరాన ఉండి కూడా తనను వాళ్ళ నుండి వేరు చేసుకోడు.

మనము చర్చి పరిధిని 'విచారణ' అంటాము. ఈ మాట పెట్టిన పూర్వ గురువులకు నమస్కరించాలి. విచారించడమంటే అడిగి తెలుసుకోవడం, యోగక్షేమాలు కనుక్కోవడం. విచారమంటే దుఃఖం. నెహెమ్యా ఆ రెండూ చేశాడు, ముందు విచారించాడు, తరువాత విచారించాడు. ఆ మాటకు మూడవ అర్థమూ ఉంది, పోలీసు విచారణ. దాని గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు.

ఆ సాయంత్రం టీవీ ముందు మాలో ఒకరు, "ఇంకెవరు చేస్తారు, వాళ్ళ పనే" అన్నారు. వాళ్ళంటే ఎవరో అందరికీ అర్థమైంది. నేను విని ఊరుకున్నాను. మేము తిరిగివచ్చాక, మా పాఠశాల పిల్లలను దింపే ఆటో ఆయన, పేదవాడు, ముస్లిం, మూడు రోజులు రాలేదు. కనుక్కుంటే భయపడి ఇంట్లో ఉన్నాడు. అంతకు మూడు నెలల ముందు, మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారు, ఆ వెంటనే జరిగిన కాల్పుల్లో మరికొందరు. చనిపోయింది ముస్లింలు. ఆ తరువాత విచారణకని తీసుకువెళ్ళింది కూడా ఎక్కువగా పాతబస్తీ ముస్లిం కుర్రాళ్ళనే. అలా పట్టుబడిన అనేకులను న్యాయస్థానాలు తరువాత నిర్దోషులని విడిచిపెట్టాయి. ఈయన మేనల్లుడినీ తీసుకువెళ్ళి కొన్నాళ్ళకు వదిలారు. "మీ ఊళ్ళో బాంబు పేలితే మీరు ఏడుస్తారు ఫాదర్ సాబ్. మేము ఏడవడానికి ముందు దాక్కోవాలి" అన్నాడు. అది నా ఊరే, నీ ఊరు కూడా అని నేను అనాలి. అన్నాను గాని, టీవీ ముందు ఊరుకున్నవాడి నోట ఆ మాటకు బలం లేదు.

కోఠీ, లుంబినీ పార్కు పేలుళ్ళ కేసులో పదకొండేళ్ళకు, 2018 సెప్టెంబరులో, న్యాయస్థానం ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవ శిక్ష విధించింది. దోషులకు శిక్ష పడాలి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు న్యాయం జరగాలి. ఉరిశిక్ష మాత్రం క్రైస్తవుడు ఒప్పుకోలేడని అంతకు నెల ముందే, ఆగస్టులో, ఫ్రాన్సిస్ పాపుగారు సత్యోపదేశంలో మార్పు చేయించారు. మీలో చాలామందికి ఈ బోధ మింగుడుపడదని నాకు తెలుసు. నాకూ వెంటనే మింగుడుపడలేదు. దాని గురించి మరొక వారం.

లూకా 13లో ప్రభువు గోపురం మాట చెప్పి, వెంటనే అంజూరపు చెట్టు కథ చెప్తాడు. మూడేళ్ళుగా కాయని చెట్టును యజమాని నరికేయమంటాడు. తోటమాలి, ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తాను అంటాడు. ఈ కథ ఇక్కడ ఎందుకుందో నాకు ముందు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అనిపిస్తుంది, బయటపడ్డవాళ్ళ కథ ఇదేనని. మాకు మిగిలింది బహుమానం కాదు, తోటమాలి అడిగి తెచ్చిన గడువు. కాయకుండా నిలబడ్డ చెట్టుకు ప్రక్క చెట్టు కూలినందుకు గర్వం ఎక్కడిది?

మేము ఊరు చేరిన రెండవ రోజున ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. నన్ను పిలవలేదు, నేనే వెంట వెళ్ళాను. కుర్రాడికి మోకాలి క్రింద తీసేశారు. వాడి తల్లి మంచం ప్రక్కన నేల మీద కూర్చుని ఉంది. చేతిలో డబ్బు లేదు, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు, ఏ గది ఎక్కడో తెలియదు. ఈమె లూర్దు నుండి తెచ్చిన తీర్థజలం సీసా ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. ఇంటి నుండి తెచ్చిన అన్నం క్యారియరు విప్పింది, "ముందు తిను వదినా, నేను వాడి దగ్గర కూర్చుంటా" అంది. ముక్కూ ముఖం తెలియని మనిషి వదినా అని పిలిస్తే ఆ తల్లి అప్పటివరకు ఆపుకున్నది ఒక్కసారిగా బయటపడింది. ఆ తరువాత నెలన్నర పాటు, డిశ్చార్జి అయ్యేవరకు, ఆదివారం పూజ కాగానే ఆ క్యారియరు తీసుకుని ఆమె బస్సెక్కడం మా విచారణ అంతా చూసింది. రైల్వే పెద్దాయన కృత్రిమ కాలుకు చందాలు ప్రోగుచేశారు. అడిగితే ఇవ్వనివాళ్ళ పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నారు, అది వేరే కథ.

ఆమె చిన్నకొడుకు 2011లో కువైటు వెళ్ళాడు. మంచి ఉద్యోగం. 2013 ఫిబ్రవరి 21, గురువారం, తపస్కాలం మొదటి వారం. సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకు కట్టిన రెండు బాంబులు పేలి కనీసం 17 మంది చనిపోయారు. ఆమె అప్పటికి అక్కడికి దగ్గరలోనే అద్దెకు ఉంటోంది. ఈసారి దూరదేశంలో ఉన్నది కొడుకు, ఊళ్ళో ఉన్నది తల్లి. గంటసేపు ప్రయత్నిస్తే లైను దొరికిందట. "అమ్మా, దేవుడు నిన్ను కాపాడాడమ్మా" అని ఏడుస్తూ మొదలుపెట్టాడట.

ఆమె నాకు చెప్పిన మాటలు ఇవి. "నేను బాగానే ఉన్నా గాని, పక్కింటి కుర్రాడు ఇంకా రాలేదు నాయనా. వాళ్ళమ్మ ఇక్కడే నా ప్రక్కన కూర్చుంది. వాడికి ఈ నంబరే తెలుసు. నువ్వు ఫోను పెట్టెయ్, లైను ఖాళీగా ఉండాలి."